అడగడం కూడా గ్రంథపాలకుడి పనే

ఈ చేతిపుస్తకంలో కవిత్వం లేదు, కథ లేదు. గ్రంథాలయాలకు గ్రాంట్లు ఎక్కడ దొరుకుతాయి, వాటికి అర్జీ ఎలా పెట్టాలి, లైబ్రేరియన్లు తమ వృత్తిలో ఎదగడానికి ఏ శిక్షణలున్నాయి, వాటికోసం ఎవరిని అడగాలి అన్నదే దీని విషయం. దుర్భాక రాజశేఖర శతావధానిగారు, గడియారం వేంకటశేషశాస్త్రిగారు, పుట్టపర్తి నారాయణాచార్యులవారు తిరిగిన ప్రొద్దుటూరులో ఉంటూ, కావ్యాల పీఠికలు చదువుతూ పెరిగినవాణ్ణి నేను. ఇలాంటి పుస్తకానికి ముందుమాట రాయమని అడగడం నాకు గౌరవంగానే తోచింది. ఆ మహానుభావుల కావ్యాలు రేపటి పిల్లవాడి చేతికి అందాలంటే పొద్దున్నే వచ్చి బీరువా తాళం తీసే మనిషి ఒకరుండాలి. ఆ మనిషికోసం రాసిన పుస్తకమిది.

రాసినవాళ్ళు ముగ్గురు. ప్రొద్దుటూరులో శాఖా గ్రంథాలయం చూసే ఆయన ఒకరు, జమ్మలమడుగు నుంచి ఒక అమ్మాయి, పులివెందులలో కళాశాల లైబ్రరీ నడిపే యువకుడు ఇంకొకరు. ముగ్గురూ తమ పేర్లు ముందుమాటలో వద్దన్నారు, వాళ్ళ మాట మన్నిస్తున్నాను. తాము పెట్టిన అర్జీలు, వాటిలో తిరిగొచ్చినవి, ఎందుకు తిరిగొచ్చాయో అధికారులు రాసిన కారణాలు, తాము వెళ్ళిన శిక్షణ తరగతుల నోట్సు ముందేసుకుని, ఆదివారాలు కలిసి కూర్చుని రాశారు. చేసినవాళ్ళు చెప్పిన మాట కాబట్టి ఇందులో ఊకదంపుడు లేదు.

గ్రాంటు అనగానే మన వైపు మొదట వచ్చే ప్రశ్న "ఎవరి సిఫారసుతో వచ్చింది సామీ?" అని. ఈ ఆలోచన పోవాలని నా కోరిక. గ్రాంటు దానమూ కాదు, దయా కాదు. చాలావరకు అది మనం కట్టిన డబ్బే. 1960 ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్ను. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో యజమాని అయినా, పులివెందులలో రెండు గదుల ఇల్లు కట్టుకున్న చీనీ తోట కూలీ అయినా, వెయ్యి రూపాయల ఇంటిపన్ను కడితే దానికి అదనంగా 80 రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నారు. మున్సిపాలిటీ, పంచాయతీ ఆ సొమ్ము వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. ఆ జమ సకాలంలో జరగకపోవడం రాష్ట్రమంతటా పాత గోడే. దానిమీద ఈ పుస్తకంలో ఒక మంచి అధ్యాయం ఉంది. బకాయి ఎంతో తెలుసుకోవడం, లిఖితపూర్వకంగా అడగడం, అడిగిన కాగితం నకలు దాచుకోవడం, ఇవన్నీ గ్రంథపాలకుడి రోజువారీ పనిలో భాగమేనని రచయితలు చెప్పారు. నేను నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకుంటాను.

ఈ 8 పైసలు ఎక్కడినుంచి వచ్చాయో కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. ఈ పుస్తకం చెప్పేదంతా ఆ కథలోనే ఉంది.

అమెరికాలో ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ ప్రపంచంలో 2,500కు పైగా గ్రంథాలయ భవనాలకు డబ్బిచ్చాడు. ఊరు స్థలం చూపించాలి, ఇచ్చిన మొత్తంలో పదోవంతు ఏటా నిర్వహణకు తన సొంత పన్నుల్లోంచి పెడతానని మాటివ్వాలి. అది ఆయన షరతు. భవనాలు లేచాయి. 1916లో ఆల్విన్ జాన్సన్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఆ గ్రంథాలయాలను తిరిగి చూసి నివేదిక ఇచ్చాడు. గోడలున్నాయి, శిక్షణ పొందిన మనుషులు చాలడం లేదన్నది దాని సారాంశం. మరుసటి ఏడు కార్నెగీ కార్పొరేషన్ కొత్త భవనాలకు డబ్బివ్వడం ఆపింది. 1923లో లైబ్రేరియన్ల శిక్షణపై విలియమ్సన్ నివేదిక వచ్చాక ఆ సొమ్ము గ్రంథాలయ విద్యవైపు మళ్ళింది. బ్రిటన్‌లో కార్నెగీ ట్రస్టు ఇచ్చిన గ్రాంటుతోనే 1919లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో లైబ్రేరియన్ల పాఠశాల మొదలైంది.

1924లో మద్రాసు నుంచి ఒక లెక్కల మాస్టారు ఆ పాఠశాలకు వెళ్ళారు. ఆయనే రంగనాథన్. మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనను తన మొదటి లైబ్రేరియన్‌గా తీసుకుంది కానీ, మొదట్లో ఆయన మనసు ఆ కుర్చీలో నిలవలేదు, మళ్ళీ పాఠాలు చెప్పుకోవడానికి వెళ్ళిపోవాలనుకున్నారు. ఉద్యోగపు షరతు ప్రకారం విశ్వవిద్యాలయం ఖర్చుమీద ఇంగ్లండు వెళ్ళి, క్రాయ్‌డన్ పౌర గ్రంథాలయంలో బెర్విక్ సేయర్స్ దగ్గర పని నేర్చుకున్నారు. కార్మికులు, గృహిణులు, పిల్లలు పుస్తకాలకోసం వచ్చి కూర్చునే చోటును కళ్ళారా చూశారు. తిరిగొచ్చిన మనిషి వేరు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం, ఆ మరుసటి ఏడు లైబ్రేరియన్ల శిక్షణ తరగతి, 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు వచ్చాయి. 1930లోనే ఆయన గ్రంథాలయ చట్టానికి నమూనా రాసి పెట్టారు. దాని ఫలం 1948లో మద్రాసు రాష్ట్రంలో చట్టంగా దక్కింది. అప్పటికి మన కడప ఆ రాష్ట్రంలోనే ఉంది. అలా గ్రంథాలయ పన్ను మన జిల్లాకు వచ్చింది. 1960లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల చట్టాలను కలిపి ఇప్పటి చట్టం చేశారు.

లండన్‌లో ఒక పాఠశాలకు ఇచ్చిన గ్రాంటు, మద్రాసులో ఒక ఉద్యోగికి ఇచ్చిన ప్రయాణ ఖర్చు, జమ్మలమడుగులో బెంచీమీద కూర్చుని పేపరు చదివే ముసలాయన దాకా వచ్చాయి. ఒక లైబ్రేరియన్‌ను కొన్ని నెలలు చదువుకోవడానికి పంపితే ఏమొస్తుందని అడిగేవాళ్ళకు ఇంతకంటే పెద్ద జవాబు నా దగ్గర లేదు. రచయితలు గ్రాంట్లనూ శిక్షణనూ రెండు పుస్తకాలుగా విడదీయకుండా ఒకే చోట పెట్టారు. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. బీరువాలకు డబ్బు అడుగుతూ మనిషిని మరిచిపోతే జాన్సన్ చూసిన పరిస్థితే మనకూ వస్తుంది.

మన తెలుగువాళ్ళకు ఈ సంగతి కొత్తది కాదు. అయ్యంకి వెంకటరమణయ్యగారు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ప్రాణం పోశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా మొదలైంది. మన రాయలసీమ బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కుగా నిలిచారు. విజయవాడలో సర్వోత్తమ భవనం ఆయన పేరే మోస్తోంది.

ఇక ఇప్పటి వనరుల సంగతి. పుస్తకంలో ఎక్కువ పుటలు రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్‌కు కేటాయించారు, అది సబబే. 1972లో, రామమోహన్ రాయ్ ద్విశతజయంతి ఏడాదిలో, కేంద్ర ప్రభుత్వం కలకత్తాలో పెట్టిన సంస్థ అది. దాని పథకాలు రెండు తరగతులు. మ్యాచింగ్ పథకాల్లో రాష్ట్రం తన వాటా వేస్తేనే ఫౌండేషన్ తన వాటా కలుపుతుంది. పుస్తకాల కొనుగోలు, బీరువాలు, భవనం, సదస్సులు, శిక్షణ తరగతులు ఇందులోకి వస్తాయి. నాన్‌మ్యాచింగ్ పథకాల్లో రాష్ట్రం వాటా అక్కర్లేదు. స్వచ్ఛంద సంస్థలు నడిపే గ్రంథాలయాలకు, పిల్లల విభాగాలకు, వృద్ధులకూ దివ్యాంగులకూ ప్రత్యేక మూలలు పెట్టడానికి, 50, 75, 100 ఏళ్ళు నిండిన గ్రంథాలయాలకు ఆ సాయం అందుతుంది. ఊళ్ళలో యువజన సంఘాలో, పెద్దమనుషులో తమ చేతి డబ్బుతో పెట్టుకున్న చిన్న చిన్న పఠన మందిరాలున్నాయి. వాళ్ళకు ఈ రెండో తరగతి ఉందనే సంగతే తెలియదు. వాళ్ళ చేతుల్లో ఈ పుస్తకం తప్పక పెట్టాలి.

అర్జీలు ఎందుకు తిరిగొస్తాయన్న అధ్యాయాన్ని నేను రెండుసార్లు చదివాను. సంఘం రిజిస్ట్రేషన్ ఉంటుంది, స్వచ్ఛంద సంస్థల దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉండదు. ఆడిట్ అయిన లెక్కలు ఉండవు. భవనం ఎవరిదో కాగితం ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, యాక్సెషన్ రిజిస్టర్ మూడేళ్ళుగా రాసి ఉండదు. ఎన్ని పుస్తకాలున్నాయో చెప్పలేని గ్రంథాలయం ఇంకా కావాలని ఎలా అడుగుతుంది? మొదటి విడత సొమ్ము వాడినట్టు యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపకపోతే రెండో విడత ఆగిపోతుంది. ఆ ఊరి పేరు పాత బకాయిల జాబితాలో పడి, పదేళ్ళ తర్వాత వచ్చిన లైబ్రేరియన్‌ కూడా ఇబ్బంది పడతాడు. గ్రాంటు రావడం రాకపోవడం ఎక్కువగా ఈ రిజిస్టర్ల దగ్గరే తేలుతుందని రచయితలు నిర్మొహమాటంగా రాశారు. నమూనా అర్జీ, నమూనా లెక్క పట్టిక కూడా ఇచ్చారు.

శిక్షణ భాగంలో పులివెందుల అబ్బాయి రాసిన పుటలు చాలా బాగున్నాయి. 2025 జనవరి నుంచి 'ఒకే దేశం ఒకే చందా' అమల్లోకి వచ్చింది. కేంద్రం మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు పెట్టి, 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులో పెట్టింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఆ పని చూస్తోంది. పులివెందులలో ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థికి ఢిల్లీ ఐఐటీ విద్యార్థి చదివే పత్రికే దొరుకుతుందన్నమాట. కానీ ఆ తలుపు ఎలా తీయాలో పిల్లలకు చూపించే మనిషి లైబ్రేరియనే. అందుకని ఇన్‌ఫ్లిబ్‌నెట్ శిక్షణలు, స్వయం ఆన్‌లైన్ వేదికలో ఉచిత కోర్సులు, విశ్వవిద్యాలయాల్లో రిఫ్రెషర్ కోర్సులు, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్ర విభాగం, ఇవన్నీ అతను ఓపికగా వివరించాడు. గ్రంథాలయ పనులకు వాడే కోహా సాఫ్ట్‌వేర్ గురించి రాసిన పేరా నాకు కొత్త సంగతి చెప్పింది. న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే చిన్న జిల్లా గ్రంథాలయ సంస్థ తన అవసరం కోసం చేయించుకుని, 2000 జనవరి నుంచి వాడుకలో పెట్టి, ప్రపంచానికి ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అది. పెద్ద నగరాల కోసం ఎదురుచూడని చిన్న ఊరివాళ్ళ పని కాబట్టి, మన పిల్లలకు ఆ పేరు తెలియాలి.

జమ్మలమడుగు అమ్మాయి స్థానిక చరిత్ర గురించి రాసింది. ఒకవైపు గండికోట, ఇంకొకవైపు ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ళ. మనకు తెలిసిన తొలి తెలుగు శాసనం, రేనాటి చోళరాజు ధనంజయుడిది, ఆ కలమళ్ళదే. ఇంత చరిత్ర గడప ముందున్నా అక్కడి గ్రంథాలయంలో దానికి ఒక అర కూడా లేకపోతే ఎలా అని ఆమె ప్రశ్న. తాళపత్రాల రక్షణ, పాతలిపి చదవడం నేర్పే తరగతులను 2003లో మొదలైన జాతీయ పాండులిపి మిషన్ నడిపింది. అలాంటి శిక్షణకు లైబ్రేరియన్లనూ పంపమని ఆమె అడుగుతోంది. ఆ అధ్యాయం చదివి నేను ఆమెను మెచ్చుకుంటూ ఉత్తరం రాశాను.

ఈ జిల్లాలో అడిగి సాధించిన గ్రంథాలయం మన కళ్ళముందే ఉంది. 1820లలో బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, అయోధ్యాపురం కృష్ణారెడ్డి పర్యవేక్షణలో పండితులను కూర్చోబెట్టి, సొంత జీతం పోసి, అప్పులు చేసి తెలుగు గ్రంథాలను సేకరించి శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా శిథిలమై, ఎర్రముక్కపల్లెలో మొండిగోడలు మిగిలినప్పుడు జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఆ స్థలంలో గ్రంథాలయం కట్టాలని సంకల్పించారు. దాతల గుమ్మాలూ, కార్యాలయాల గుమ్మాలూ ఎక్కి దిగారు. పుస్తకం ఇస్తానన్నవారి ఇంటికి వెళ్ళి పుస్తకం తెచ్చారు. అడగడానికి ఆయన ఏనాడూ సిగ్గుపడలేదు. తనకోసం కాదు గనుక సిగ్గుపడవలసిన పనీ లేదు. ఆ గ్రంథాలయం ఇవాళ యోగి వేమన విశ్వవిద్యాలయం చేతిలో భాషా పరిశోధన కేంద్రంగా ఉంది. లోకం ఆయనను బ్రౌన్ శాస్త్రి అని పిలుచుకుంది. ఈ ముగ్గురు పిల్లల్లో నాకు ఆ పట్టుదలే కనిపించింది.

ఒక లోటు చెప్పాలి. శాఖా గ్రంథాలయంలో చాలాచోట్ల ఉండేది ఒక్క మనిషే. ఆ మనిషి ఐదు రోజుల శిక్షణకు వెళితే తలుపుకు తాళం పడుతుంది. డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షకూ చదువుకునే పిల్లలు వెనక్కి తిరిగి పోతారు. అందుకే చాలామంది లైబ్రేరియన్లు శిక్షణ ఉత్తర్వు వచ్చినా వెళ్ళరు. వెళ్ళాలనుకునే ఆడపిల్లలకు బసా ప్రయాణమూ ఇంకో చిక్కు. ఈ రెంటినీ పుస్తకం తాకి వదిలేసింది. శిక్షణకు వెళ్ళినవారి స్థానంలో పక్క ఊరి మనిషిని ఎలా సర్దాలో, దానికి జిల్లా సంస్థను ఏ కాగితంతో అడగాలో, రెండో ముద్రణలో ఒక అధ్యాయం చేర్చాలి. అప్పటికి ఈ ముగ్గురూ పెట్టే కొత్త అర్జీల ఫలితాలు, వచ్చినవీ రానివీ, చివర అనుబంధంగా వేయాలి. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేలోగా ప్రతి శాఖలో యాక్సెషన్ రిజిస్టర్ ఆనాటిదాకా రాసి ఉండేలా చూడమని, ఈ పుస్తకం అందుకునే ప్రతి లైబ్రేరియన్‌నూ నా వయసు పెట్టి అడుగుతున్నాను.

ఆశీస్సులతో,
ప్రొద్దుటూరు