ఆడి ఓడనివ్వండి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌కి నా సొంత ప్లేఆఫ్ డ్రా గీసుకోవడం ఏటా డిసెంబరులో నాకో వ్యసనం. గీతలదేముంది, ఎవరైనా గీస్తారు. పేర్లు రాయబోతేనే పెన్సిల్ ఆగిపోతుంది.

ఐపీఎల్‌కి ఈ తంటా లేదు. పది జట్లు, తలా 14 మ్యాచ్‌లు, పట్టికలో పైనున్న నలుగురూ ముందుకెళ్తారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో పై డివిజన్‌లోనే 130కి పైగా జట్లు. ఒక్కొక్కటీ ఆడేది 12 మ్యాచ్‌లు, అవీ ఎక్కువగా తన కాన్ఫరెన్స్‌లో, అంటే తన కూటమిలో వాళ్లతోనే. అందుకే దశాబ్దాల పాటు ఛాంపియన్‌ని ఓట్లతో తేల్చారు. 1997లో విలేఖరులు మిషిగన్ అన్నారు, కోచ్‌లు నెబ్రాస్కా అన్నారు. రెండూ ఓటమి లేని జట్లే, ఒకదానితో ఒకటి ఆడనే లేదు. మరుసటి ఏడాది ఓట్లకు కంప్యూటర్ల లెక్కలూ కలిపి, ఫైనల్‌కి రెండు జట్లను ఎంచడం మొదలుపెట్టారు. 2003లో రెండు పోల్స్‌లోనూ ఒకటో ర్యాంకున్న యూఎస్‌సీకే ఫైనల్ దక్కలేదు!

2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చింది, వాటిని ఎంచడానికి 13 మంది కమిటీ వచ్చింది. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13కి 13 గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ ట్రావిస్ గాయపడ్డాడు కాబట్టి ఇది పాత జట్టు కాదని కమిటీ దాన్ని పక్కనపెట్టి, ఒక్కో మ్యాచ్ ఓడిన టెక్సస్, అలబామాలను పిలిచింది. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63-3తో చిత్తయ్యారు కదా అనేవాళ్లున్నారు. ఆ మ్యాచ్‌లో ఫ్లోరిడా స్టేట్ ఆటగాళ్లు చాలామంది బరిలోకే దిగలేదు. అయినా ఆడని మ్యాచ్‌లో ఓడతారని ముందే తీర్పు చెప్పే హక్కు కమిటీకి ఎవరిచ్చారు?

2024లో 12 జట్లయ్యాయి, ఐదుగురు కాన్ఫరెన్స్ విజేతలకు నేరుగా చోటు దొరికింది. ఎనిమిదో సీడ్ ఒహాయో స్టేట్ కప్పు కొట్టింది. సొంత మైదానంలో మిషిగన్ చేతిలో ఓడిన జట్టది. తొలి రౌండ్ ఆడకుండానే ముందుకెళ్లిన నలుగురూ క్వార్టర్స్‌లోనే ఇంటిదారి పట్టారు.

నా డ్రాలో 16 జట్లు. ప్రతి కాన్ఫరెన్స్ విజేతకూ సీటు ఖాయం, మిగిలినవే కమిటీ చేతిలో. తొలి రౌండ్ ఆడకుండా ముందుకెళ్లే బైలు ఉండవు. మొదటి రెండు రౌండ్లూ పై సీడ్ క్యాంపస్‌లోనే. చిన్న కాన్ఫరెన్స్ వాళ్లు చావుదెబ్బ తింటారంటారా, తిననివ్వండి, మైదానంలో. కింది డివిజన్లు 1973 నుంచీ ప్లేఆఫ్ ఆడుతూనే ఉన్నాయి. పైవాళ్లకు అడ్డొచ్చింది సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌ల సంప్రదాయం, వాటి వెనకున్న డబ్బు.

నన్ను నిజంగా ఇరుకున పెట్టేది వేరే ఉంది. 2024 సీజన్‌లో ఒహాయో స్టేట్ కుర్రాళ్లు ఆడింది 16 మ్యాచ్‌లు. ఈ ఆటలో దెబ్బలు ఎలా తగులుతాయో చూసినవాళ్లకు తెలుసు. లీగ్ సీజన్‌ని 12 నుంచి 11కి తగ్గించకపోతే, నా డ్రాకి నేనే ఓటెయ్యను.