కలివికోడిని ఎవరు గుర్తుపట్టారు?

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ 1848లో ఒక కొత్త పిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం వైపు కనబడ్డాక అది మళ్లీ ఎవరి పుస్తకానికీ ఎక్కలేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. కడప జిల్లా పల్లెల్లో మాత్రం దాని పేరు చెక్కుచెదరలేదు: కలివికోడి. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు పొదల వెంట తిరగడంతో సరిపెట్టుకోలేదు. పిట్ట బొమ్మ పట్టుకుని ఊళ్లలో అడిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రివేళ దీపం వెలుగులో ఒకదాన్ని పట్టాడు. సొసైటీ తరఫున అక్కడున్న భరత్ భూషణ్ అది జెర్డాన్ పిట్టేనని తేల్చాడు. రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు ఉండటం దాని ఆనవాలు. అసలు చీకట్లో మేసే పిట్ట కోసం పట్టపగలు వెతికితే ఏం లాభం? ఆ సంగతి ఐతన్న లాంటివాళ్లకు తెలుసు. శాస్త్రీయ నామం భూషణ్‌కు తెలుసు. గుర్తింపు జరగాలంటే ఇద్దరూ కావాల్సి వచ్చింది.

ఆ తరువాత పని ఇంకా ఓపికతో కూడుకున్నది. పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక అడుగుజాడలు చూసేవారు. తీతువు అడుగులతో ఇట్టే పొరబడే ప్రమాదం ఉంది గనుక కెమెరాలు కూడా పెట్టారు. కూత రికార్డు దొరికాక దాన్ని వినిపించి, జవాబు వస్తుందేమోనని చెవులు రిక్కించారు.

మామూలు ప్రకృతి ప్రేమికులకు ఇంత అవసరం పడదు, కానీ సూత్రం ఇదే. అడిగేవాడు తగినంత ఆధారం చూపాలి. దూరం నుంచి తీసిన మసక ఫొటో ఒకటి చేతిలో పెట్టి "ఇదేంటండీ?" అంటే తలపండిన పక్షిప్రేమికుడైనా నీళ్లు నమలాల్సిందే. మొక్కకైతే పువ్వొక్కటే చాలదు. ఆకుల అమరిక, ఆకు అడుగుభాగం, కాయ, బెరడు, నేల తీరు చెప్పాలి. జిల్లేడునే చూడండి. మన నోట ఒకే పేరుతో నలిగే మొక్కల్లో వేర్వేరు జాతులు రెండున్నాయి. ఒకదాని పూరేకులు విచ్చుకుని వెనక్కి వాలతాయి, మరోదానివి ఊదా కొసలతో గిన్నెలా నిటారుగా నిలుస్తాయి. రోజూ ఆ పొద పక్క నుంచే నడిచేవాళ్లకు కూడా, ఎవరో వేలు పెట్టి చూపిస్తే గాని ఆ తేడా తట్టదు.

చెప్పేవాడికీ ఒక మర్యాద ఉంది. పేరు చెప్పి ఊరుకోకుండా, ఏ గుర్తు చూసి చెప్పాడో కూడా చెప్పాలి. అప్పుడే ఎదుటివాడు మరోసారి తనంతట తాను పోల్చుకోగలడు, తప్పైతే ఎదురూ చెప్పగలడు. అయితే కలివికోడి లాంటి అరుదైన ప్రాణి ఆచూకీని మాత్రం ఊరంతా చాటకూడదు. అది కనబడ్డ చోటికి జనం ఎగబడితే దానికే చేటు.

గుర్తింపు మ్యూజియం సొరుగులో కూడా జరుగుతుంది. కోలారు ప్రాంతంలో పనిచేసిన ఒక పశువైద్యుడు 1917లో సేకరించిన గుడ్డు స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయానికి చేరింది. దాన్ని పాత నమూనా పక్షి డీఎన్ఏతో పోల్చి చూస్తే కలివికోడిదేనని తేలింది. ఈ సంగతి బయటపడేసరికి 2013 వచ్చింది.