‘వస్తున్నాం’, ‘పోతున్నాం’: తిరుగు ప్రయాణపు కథలో క్రియాపదం

వలసను గురించి తెలుగులో వచ్చిన రచనలు చదివేటప్పుడు రెండు ఘట్టాలు మనకు తరచుగా ఎదురవుతాయి. ఒకటి ఊరు విడిచే ఘట్టం, రెండవది ఊరు చేరే ఘట్టం. ఈ రెంటి నడుమ, పరాయిచోట కాపురం ఎత్తివేసే చివరి రోజులు సాధారణంగా ఒకటి రెండు వాక్యాలలో ముగిసిపోతాయి. సామాను సర్దారు, బండి ఎక్కారు, అంతే. దీనిని రచయితల అశ్రద్ధగా నేను భావించను. కథ చెప్పేవాడు ఏ గట్టున నిలబడి చెబుతున్నాడన్న ప్రశ్న దీని వెనుక ఉంది. చంద్రపూర్‌లో తెలుగు చదివే విద్యార్థులకు ఇది సొంత ఇంటి ప్రశ్న కూడా కనుక కొంత వివరంగా చూద్దాం.

తిరుగు ప్రయాణానికి మన సంప్రదాయంలో మొదటి నమూనా రామాయణం. యుద్ధం ముగిసింది, పదునాలుగేళ్ల గడువు దగ్గరపడింది. మంగళస్నానం చేసి, కొన్నాళ్లుండి సత్కారాలు అందుకొమ్మని విభీషణుడు వేడుకుంటాడు. రాముడు ఒప్పుకోడు. గడువు దాటిన మరునాడు అన్న కనిపించకపోతే అగ్నిలో ప్రవేశిస్తానన్న భరతుడు అక్కడ ఎదురుచూస్తున్నాడు. పుష్పకం బయలుదేరుతుంది. దారిలో సీత కోరికమీద కిష్కింధలోని తారను, ఇతర వానరస్త్రీలను ఎక్కించుకుంటారు. పైనుంచి రాముడు ఒక్కొక్క చోటే సీతకు చూపిస్తాడు: సేతువు, ఋశ్యమూకం, పంప, తాము కాపురమున్న పర్ణశాల. ఆ పర్ణశాల దగ్గర విమానం ఆగదు. ఏళ్ల కాపురం ఒక్క చూపులో వెనక్కి వెళ్లిపోతుంది.

ఈ ఘట్టం ఇంత సూటిగా సాగడానికి ఒక కారణముంది. సీతారామలక్ష్మణులు ముగ్గురూ అయోధ్య నుంచి బయలుదేరినవారే. అరణ్యంలో పుట్టి పెరిగిన బిడ్డ ఆ విమానంలో లేడు. కనుక ముగ్గురికీ అది ‘తిరిగి రావడమే’. మన ఆధునిక వలస కథలు ఈ నమూనానే వారసత్వంగా తీసుకున్నాయి; అయితే వాటిలోని కుటుంబం మారిపోయింది.

భాషాశాస్త్రరీత్యా ‘వచ్చు’, ‘పోవు’ అనే క్రియలు చలనాన్ని మాత్రమే చెప్పవు. మాట్లాడేవాడి మనస్సు ఎక్కడ నిలిచి ఉందో కూడా చెబుతాయి. తెలుగులో వినేవాడు ఉన్న చోటికి బయలుదేరినా ‘వస్తున్నాను’ అనే అంటాం. తండ్రి ఊళ్లోని తమ్ముడికి ఫోను చేసి ‘వచ్చే నెల వస్తున్నాం’ అంటాడు. పక్కనే ఉన్న పదేళ్ల కూతురు ‘మనం ఎప్పుడు పోతున్నాం?’ అని అడుగుతుంది. ప్రయాణం ఒకటే, టికెట్లూ ఒకటే. క్రియలు మాత్రం వేరు. తండ్రిది తిరుగు ప్రయాణం, కూతురిది మొదటి వలస. ‘ఆ కుటుంబం స్వగ్రామానికి తిరిగి వచ్చింది’ అని కథకుడు రాసినప్పుడు ఆ పిల్ల క్రియ వాక్యంలోంచి జారిపోతుంది. చివరి రోజులు కథలో ఇమడకపోవడానికి ఇదే ముఖ్యకారణమని నా అభిప్రాయం. ఆ రోజుల్లో ఇంట్లో రెండు క్రియలూ కలిసి వినిపిస్తాయి. ఊరి గట్టున నిలబడిన కథకుడికి ఒకటే వినిపిస్తుంది.

చరిత్రలో దీనికి ఉదాహరణలు కొల్లలు. బర్మాలో మనవారిని కోరంగి రేవు పేరుమీద ‘కోరంగీలు’ అనేవారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964 మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు రద్దయ్యాయి. ఓడలెక్కి మద్రాసు, విశాఖపట్నం రేవుల్లో దిగినవారిలో బర్మాలోనే పుట్టినవారు ఎందరో. కాగితాల మీద వారంతా ‘తిరిగి వచ్చినవారే’. విశాఖలో ‘బర్మా క్యాంపు’ అన్న పేరు మాత్రం వారు ఎక్కడినుంచి వచ్చారో దాచకుండా చెబుతుంది.

సౌదీలో పనిచేసే తెలుగువారి నోట ‘ఫైనల్ ఎగ్జిట్’ అనేది ఇప్పుడు తెలుగు మాటే. 2017 జూలైలో అక్కడి ప్రభుత్వం విదేశీ ఉద్యోగి మీద ఆధారపడిన ఒక్కొక్కరికి నెలకు వంద రియాళ్ల రుసుము విధించింది. అది ఏటా వంద చొప్పున పెరిగి 2020 నాటికి నాలుగు వందలయింది. ఎన్నో ఇళ్లలో భార్యాపిల్లలు వెనక్కి వచ్చారు, సంపాదించే మనిషి అక్కడే ఉండిపోయాడు. అక్కడి చివరి రోజులు కుటుంబం రెండుగా చీలే రోజులు. దానిని ‘రాక’ అనే ఒక్క మాటతో చెప్పగలమా?

ఇక మన చంద్రపూర్ సంగతి. ‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అన్న తెలంగాణ నానుడిలో బొగ్గుబాయి అంటే సాధారణంగా సింగరేణి. బల్లార్‌పూర్, ఘుగ్గుస్ గనులకు వచ్చిన కుటుంబాలకు ఆ బాయి ఎల్లకు ఈవల ఉంది. వార్ధా నదికి అవతలి రాజురా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనతో బొంబాయి రాష్ట్రంలో చేరింది, 1960లో మహారాష్ట్రలో భాగమైంది. అక్కడి పాత తెలుగు ఇళ్లు కదలలేదు, ఎల్ల కదిలింది. వారికి తిరిగి వెళ్లవలసిన చోటు లేదు. గని కోసం వచ్చినవారి సంగతి వేరు: పదవీ విరమణ అయితే క్వార్టరు ఖాళీ చేయాలి. తల్లిదండ్రులకు మంచిర్యాల అవతల ఎక్కడో ఊరుంది. పిల్లలకు ఊరంటే ఈ క్వార్టర్ల వరుసే. ఈ రెండు స్థితులనూ ‘ప్రవాసం’ అనే ఒక్క గంపలో వేసి, ఇక్కడివారి రచనలో ‘మాతృభూమి మీద బెంగ’ ఉందా లేదా అని వెతకడం విమర్శ అనిపించుకోదు. ఆ బెంగ ఎటువైపు తిరిగి ఉందో చూడాలి.

చివరగా వీడ్కోలు మాట. తెలుగులో ఇల్లు దాటేవారు ‘పోతాను’ అనరాదు, ‘పోయొస్తాను’ అనాలి. మరాఠీలోనూ అంతే, ‘జాతో’ అనరు, ‘యేతో’ అంటారు, అంటే ‘వస్తాను’ అని. ఇక రాబోమని తెలిసిన రోజున ఏమనాలో రెండు భాషలూ నేర్పలేదు. బల్లార్షా స్టేషన్లో ఒక తెలుగు ఇల్లాలు పాతికేళ్ల పొరుగింటావిడతో ‘యేతే’ అనడం విన్నాను. ఆవిడ మర్యాద తప్పకుండా ‘యా’ అంది, రండి అని. ఇద్దరికీ అది నిజం కాదని తెలుసు. మాట అబద్ధమైనా ఆ మన్నన నిజం.

మీ ఇంట్లోగాని పొరుగున గాని ఇటువంటి వారం వచ్చినప్పుడు ఎవరు ‘వస్తున్నాం’ అన్నారో, ఎవరు ‘పోతున్నాం’ అన్నారో రాసి ఉంచండి. మన కథల్లో దాటవేసిన ఆ నాలుగు రోజులు అక్కడినుంచే మొదలవుతాయి.