స్వభావమూ వ్యాయామమూ: 5 శాతం మాట

కలుపుగోలు యువత వ్యాయామం చేస్తుందనీ, ఆందోళనపరులు మానేస్తారనీ తరచూ వింటాం. ఇందుకు ఆధారంగా చూపేవాటిలో 2006లో రోడ్స్, స్మిత్ ప్రచురించిన సమీక్ష ముఖ్యమైనది. అందులో శారీరక శ్రమతో బహిర్ముఖతకు సహసంబంధం 0.23, నియమబద్ధతకు 0.20, ఆందోళన స్వభావానికి మైనస్ 0.11.

సంబంధం ఉన్నమాట నిజమే, దాని బలమెంత? 0.23ను వర్గం చేస్తే సుమారు 0.05. అంటే మనుషుల మధ్య తేడాలో బహిర్ముఖత వివరించగలిగేది 5 శాతమే. పైగా సహసంబంధం కారణాన్ని తేల్చదు; వ్యాయామమే ఆందోళనను తగ్గించి ఉండవచ్చు.

కనుక ఇరవయ్యేళ్ల వ్యక్తిని ‘స్వభావరీత్యా బద్ధకస్తుడు’ అని ముద్రవేసి, వైద్యుడు సలహా మానుకోవడానికి ఈ అంకెలు చాలవు. కలుపుగోలు మనిషికి జట్టు ఆట, బిడియస్తుడికి ఒంటరి నడక సూచించడానికి మాత్రం స్వభావ పరిజ్ఞానం పనికొస్తుంది. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఇద్దరికీ అవసరమే.