సగంలో ఉన్న బొమ్మలు

తెర మీద బొమ్మ ఒక్క సెకను నడవాలంటే 24 ఫ్రేములు కావాలి. చేత్తో గీసే యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలపడం వాడుక కాబట్టి 12 బొమ్మలతో సెకను గట్టెక్కుతుంది. ఆ పన్నెండూ ఒక్కసారి గీస్తే అయిపోయేవి కావు. ముందు రఫ్, తర్వాత ముఖ్యమైన భంగిమలు, వాటి నడుమ ఇన్‌బిట్వీన్లు, ఆపైన క్లీనప్, ఆఖరున రంగు. పొద్దున బల్ల ముందు కూర్చున్న విద్యార్థి చీకటి పడ్డాక లేచేసరికి ఒక సెకను కూడా పూర్తికాకపోవచ్చు.

అందుకే బెంగళూరులోనో చెన్నైలోనో హైదరాబాదులోనో యానిమేషన్ చదువుతూ సెలవులకు తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని రాయకోట వచ్చే పిల్లలకు ఒక ఇబ్బంది ఉంటుంది. ఇంజనీరింగు చదివే అన్న మార్కులు చెబుతాడు, నర్సింగు చదివే చెల్లెలు ఆసుపత్రి కబుర్లు చెబుతుంది. వీళ్లను మాత్రం "ఏం చేస్తా ఉండావో చూపీ" అంటారు. చూపడానికి ఉన్నది నాలుగు సెకన్ల నడక, రంగు వేయని ముఖం, స్కెచ్‌బుక్కులో గజిబిజి గీతలు. చాలామంది ఫోను తీసి, ఎప్పుడో పూర్తిచేసిన రంగురంగుల బొమ్మ ఒకటి చూపించి ఊరుకుంటారు. ప్రాణం పెట్టి చేస్తున్న పని సంచిలోనే ఉండిపోతుంది.

స్నేహితులకు, గురువులకు నెలనెలా "ఈ మధ్య నా పని ఇదీ" అని పంపుకునే విద్యార్థులు కూడా ఇదే చేస్తారు. మెరుగు పెట్టిన బొమ్మ ముందు, మిగతాదంతా మరుగున. ఇది తిరగబడాలి. నేర్చుకునే దశలో ఉన్న యానిమేటరు పంచుకోవలసింది ముందుగా సగంలో ఉన్న పని: రంగు వేయకుండా గీతలతోనే కదలిక చూసుకునే లైన్ టెస్టు, కుదరని నడక (వాక్ సైకిల్), అది ఎక్కడ కుంటుతోందో రాసుకున్న రెండు ముక్కలు. 2025 మార్చిలో ఎవరి ఫొటో ఇచ్చినా కంప్యూటరు జపాన్ యానిమేషన్ సంస్థ జిబ్లీ తీరు బొమ్మగా మార్చి ఇచ్చే హోరు లేచింది. నున్నగా పూర్తయినట్టు కనిపించే బొమ్మ ఇప్పుడు ఎవరికైనా క్షణంలో దొరుకుతుంది. అలాంటి బొమ్మను బట్టి విద్యార్థికి ఏం వచ్చో తెలియదు. ఆ చెయ్యి ఏం చూసింది, ఎక్కడ తడబడింది, ఎలా దిద్దుకుంది అన్నది రఫ్‌లోనే తెలుస్తుంది.

మరి దేన్ని చూసి గీయాలి?

రాయకోట వాళ్లు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. తలెత్తితే కోట కొండ, దాని గుండ్లు. 1791లో మూడో మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం పట్టుకున్న కోట అది. కిందికి దిగితే టమోటా మార్కెట్టు. నిండిన పెట్టె ఎత్తే మనిషి నడుము, ఖాళీ పెట్టె ఎత్తే మనిషి నడుము ఒక్క తీరుగా వంగవు. బరువును చూపడం యానిమేషన్‌లో అన్నిటికన్నా కష్టమైన పాఠం. ఆ పాఠం ఇక్కడ రోజూ తెల్లవారి నుంచే మొదలవుతుంది. ఇదే కృష్ణగిరి జిల్లాలోని మల్లచంద్రంలో పాతకాలపు రాతి గూళ్ల లోపలి పలకల మీద తెల్లరంగుతో వేసిన బొమ్మలున్నాయి. ఈ నేల మీద ఎప్పుడో బొమ్మలు గీసినవాళ్లూ చుట్టూ ఉన్నదాన్నే గీశారు.

అన్నిటినీ మించి ఏనుగులున్నాయి. రాగి చేలు కంకి పట్టే కాలానికి బన్నేరుఘట్ట అడవుల నుంచి మందలు దిగి జవళగిరి, సానమావు మీదుగా ఈ చుట్టుపక్కలకు వస్తాయి. పంట పోతుంది, ఒక్కోసారి ప్రాణాలూ పోతాయి. రైతులు రాత్రంతా కాపలా కాస్తారు. అడవి అంచుకు పోయి ఏనుగును చూసి గీయమని ఏ విద్యార్థికీ ఎవరూ చెప్పకూడదు. గుడి ఏనుగును చూడవచ్చు, శిబిరాల్లోని ఏనుగుల వీడియోలను ఫ్రేము ఫ్రేముగా ఆపి చూడవచ్చు.

అలా ఆపి చూస్తే తెలిసే సంగతులు చాలా ఉన్నాయి. ఏనుగు మామూలుగా నడిచేటప్పుడు ముందు ఒక పక్క వెనక కాలు, తర్వాత అదే పక్క ముందు కాలు, ఆ తర్వాత రెండో పక్క వెనక కాలు, ముందు కాలు పడతాయి. వెనక కాలు దాదాపు ముందు కాలు వదిలిన జాడలోనే పడుతుంది. పాదం కింద మెత్తటి కొవ్వు దిండు ఉంటుంది. బరువు మీద పడగానే పాదం వెడల్పవుతుంది, కాలు లేవగానే సన్నబడుతుంది. అణిగి సాగడం అనే యానిమేషన్ సూత్రం కార్టూను బంతుల కోసం పుట్టిందనుకునే విద్యార్థికి ఏనుగు పాదం మంచి గురువు. తల ఊపు, చెవుల కదలిక, తొండం కొస, ఇవేవీ కాళ్లతో ఒకేసారి ఆగవు. ఒళ్లు ఆగాక కూడా తొండం కాసేపు ఊగుతూనే ఉంటుంది. ఆ ఆలస్యాన్ని నాలుగు బొమ్మల్లో సరిగ్గా పట్టుకుంటే ఏనుగు బరువెక్కుతుంది. పట్టుకోకపోతే గాలి నింపిన బొమ్మలా తేలిపోతుంది.

ఏనుగు పరుగెత్తుతుందా అన్న ప్రశ్న శాస్త్రజ్ఞులనూ చాలాకాలం వేధించింది. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1878లో గుర్రం పరుగును వరుస ఫొటోలుగా తీసి, ఒక క్షణంలో నాలుగు కాళ్లూ నేలను విడుస్తాయని చూపించాడు. 1887లో అచ్చయిన అతని జంతువుల కదలికల సంపుటాల్లో 781 పలకలున్నాయి, ఏనుగు కూడా ఉంది. యానిమేషన్ బళ్లలో ఆ పలకలు ఇప్పటికీ పాఠమే. 2003లో జాన్ హచిన్సన్ బృందం థాయిలాండు ఏనుగుల కీళ్ల దగ్గర రంగు చుక్కలు పెట్టి వీడియో తీసింది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో పోతున్నా వాటి నాలుగు కాళ్లూ ఒక్కసారిగా గాలిలోకి లేవలేదు. అయినా వాటి ఒంటి ఊపు నడక కన్నా పరుగునే ఎక్కువ పోలి ఉంది. అంటే రాగి చేలోంచి కదిలే ఏనుగును గీసేవాళ్లు గుర్రాన్ని లావు చేసి గీస్తే సరిపోదు. ఒక విద్యార్థి నెల రోజులు ఈ ఒక్క సంగతి మీద కూర్చుని, తప్పిన నడకలూ కుదిరిన నడకా వరుసగా పెట్టి చూపితే, అంతకన్నా మంచి "ఈ మధ్య నా పని" ఏముంటుంది?

తెలుగు సినిమాలో ఈ చూపుకు గొప్ప ఉదాహరణ 2012 నాటి 'ఈగ'. రాజమౌళి చిత్రానికి ఈగను చేసింది హైదరాబాదులోని మకుట సంస్థ. నిజం ఈగను దగ్గరగా ఫొటోలు తీయడానికి దాన్ని సీసాలో పెట్టి, స్పృహ తప్పేదాకా ఫ్రిజ్‌లో ఉంచారు. తీరా చూస్తే దాని ముఖం దగ్గర నుంచి వికారంగా ఉంది. దాంతో భావమంతా ఒంటి కదలికల్లోనే చూపవలసి వచ్చింది. కళ్లూ నోరూ లేని బల్లదీపానికి వంపులతోనే సంతోషం, దిగులు తెప్పించిన జాన్ లాసెటర్ లఘుచిత్రం 'లక్సో జూనియర్' 1986లో చూపిన దారి కూడా అదే. పూర్తయిన 'ఈగ' ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ అవార్డు తెచ్చింది. విద్యార్థులకు పనికొచ్చేది అవార్డు కన్నా ఆ ఫ్రిజ్ కథ. గీసేముందు చూడాలి, చూసినదాన్ని అవసరం కొద్దీ మార్చుకోవాలి.

సగంలో ఉన్న పనికి, చిన్న పనికి ఎంత దూరం పోయే బలం ఉందో చెప్పడానికి లాట్వియా నుంచి ఒక కథ ఉంది. గింట్స్ జిల్‌బలోడిస్ అనే అబ్బాయి హైస్కూల్లో ఉన్నప్పుడే, 2012లో, 'ఆక్వా' అనే చిన్న చిత్రం చేత్తో గీశాడు. నీళ్లంటే భయపడే పిల్లి కథ. బడిపిల్లాడి పని, అంతే. ఆ తర్వాత 'అవే' అనే పూర్తి నిడివి చిత్రాన్ని కథ, బొమ్మలు, సంగీతం అన్నీ తానే చూసుకుంటూ మూడేళ్లకు పైగా ఒంటరిగా చేశాడు. మళ్లీ ఆ పిల్లి దగ్గరికే వచ్చి, ఈసారి ఒక బృందంతో కలిసి 'ఫ్లో' తీశాడు. అందులో ఒక్క మాట కూడా లేదు, జంతువుల కదలికలే కథ నడుపుతాయి. 2025 మార్చిలో దానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. దాన్ని చేసింది బ్లెండర్‌లో. పైసా చెల్లించకుండా ఎవరైనా దింపుకోగలిగిన సాఫ్ట్‌వేర్ అది, 2002 నుంచి దాని కోడ్ కూడా అందరిదీ. జిబ్లీ వాడిన టూంజ్ సాఫ్ట్‌వేర్ కూడా 2016లో ఓపెన్‌టూంజ్‌గా ఉచితమైంది. ఇక్కడి హోసూరు కుర్రాడి పాత కంప్యూటరు మీద పెద్ద సినిమా రెండరు కాకపోవచ్చు. పిల్లి నడక మాత్రం అవుతుంది.

మన దేశంలో యానిమేషన్ చదువు మొదలైందే పక్కపక్కన కూర్చుని గీసుకోవడంతో. 1956లో డిస్నీ నుంచి క్లెయిర్ వీక్స్ బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి కుర్రవాళ్లకు శిక్షణ ఇచ్చాడు. 1957లో 'బానియన్ డీర్' బయటికొచ్చింది. ఆ కుర్రవాళ్లలో ఒకరు రామ్‌మోహన్, మద్రాసులో కెమిస్ట్రీ ఎం.ఎస్సీ. సగంలో వదిలి బొమ్మల వైపు నడిచిన మనిషి. తర్వాత జపాన్ దర్శకుడు యుగో సాకోతో కలిసి రామాయణాన్ని యానిమేషన్ చిత్రంగా చేశారు, 2014లో పద్మశ్రీ అందుకున్నారు, 2019లో కన్నుమూశారు. హైదరాబాదులో 2001లో గ్రీన్ గోల్డ్ సంస్థ పెట్టి, 2008లో 'ఛోటా భీమ్'ను టీవీకి తెచ్చిన రాజీవ్ చిలక కూడా కంప్యూటర్ల చదువు తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకున్నవారే. వేరే దారిలో పోతూ ఇటు మళ్లినవాళ్లకు ఈ కళలో కొదవ లేదు. ఇప్పుడు నేరుగా వచ్చేవాళ్లకు హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ డిగ్రీ ఉంది. ఇక సినిమాను ముందే బొమ్మల్లో చూసుకోవడం ఎలాగో తెలియాలంటే దర్శకుడు బాపు పద్ధతి చూడాలి. షాట్లన్నీ కాగితం మీద గీసుకున్నాకే ఆయన కెమెరా దగ్గరికి వెళ్లేవారు.

హోసూరు, రాయకోట పిల్లలకే ప్రత్యేకమైన పని ఇంకొకటి ఉంది. ఇక్కడ చాలా ఇళ్లలో మాట తెలుగు, బడి మాత్రం తమిళమో ఇంగ్లీషో. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు చక్కగా మాట్లాడుతూ రాయడానికి తడబడే పిల్లలు ప్రతి వీధిలో ఉన్నారు. యానిమేషన్‌కు ఆ తెలుగు చాలు. ఎందుకంటే ఇందులో ముందు గొంతు రికార్డు చేస్తారు, ఆ గొంతును బట్టి పెదవులు గీస్తారు. తరగతిలో ఇచ్చే నోటి పటాలు యానిమేటరు ప్రెస్టన్ బ్లెయిర్ పుస్తకం నాటి నుంచి ఇంగ్లీషు పలుకుబడికి గీసినవి. తెలుగు నోరు వేరేగా ఆడుతుంది. మన మాటల్లో ఎక్కువ భాగం అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మాట అయిపోయాక కూడా నోరు కాస్త తెరిచే ఉంటుంది. "వస్తా" అన్న అవ్వ పెదవులు తెరిచి ఆగుతాయి, "పోదాం" అన్న తాత పెదవులు మూసుకుంటాయి. ఈ ప్రాంతపు మొరసునాడు యాసలో సాగదీసే చోట ఆ తెరిచిన నోరు ఇంకో నాలుగు ఫ్రేములు నిలవాలి. అవ్వ చేత రెండు నిమిషాలు ఏనుగుల కాపలా కబుర్లు చెప్పించి, రికార్డు చేసి, ఆ పెదవుల పటం ఒకటి గీసి నలుగురితో పంచుకుంటే, తెలుగులో యానిమేషన్ చేసే ప్రతివాళ్లకూ అది పనికొస్తుంది. ఈ పని హైదరాబాదు స్టూడియోలు చేసిపెట్టవు, ఆ అవ్వ మనవరాలే చేయాలి.

ఒక్క మాట పెద్దవాళ్లతో. ఏటా అక్టోబరు 28న ప్రపంచమంతా యానిమేషన్ దినం జరుపుకుంటుంది. 1892లో అదే రోజున ఎమిల్ రేనో పారిస్‌లో తాను చేత్తో రంగులు వేసిన కదిలే బొమ్మలను మొదటిసారి జనానికి చూపించాడు. ఆ రోజు మన ఊళ్లో కల్యాణమంటపమో బడి హాలో ఒక గంట తెరిచిపెట్టండి. గోడకు తెల్లబట్ట కట్టి, యానిమేషన్ చదివే పిల్లలు తమ రఫ్‌లూ లైన్ టెస్టులూ వేసి చూపడానికి చోటివ్వండి. అంతదాకా ఆగలేకపోతే, ఈ ఆదివారం ఇంటికొచ్చిన పిల్లను ఫోనులోని బొమ్మ కాదు, సంచిలోని స్కెచ్‌బుక్కు చూపించమని అడగండి. చూస్తూ "ఇది ఎందుకు మళ్లీ గీశావు?" అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు పొడుగ్గా ఉంటుంది, ఓపికగా వినండి.