రాదని తెలిసినా నింపదగ్గ ఫారం

అమెరికాలో మనవాళ్ళ పిల్లలు పన్నెండో తరగతికి వచ్చేసరికి ఇంట్లో ఒక మాట తప్పక వినిపిస్తుంది: "మన జీతాలకి ఎయిడ్ ఎక్కడొస్తుంది? ఆ ఫాఫ్సా నింపడం దండగ." ఇద్దరూ ఐటీ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఇందులో మొదటి సగం చాలావరకు నిజమే. రెండో సగం మాత్రం ఆ ఫారాన్ని దగ్గరగా చూడనివాళ్ళు అనే మాట. చూసినవాళ్ళకి దాని పనితనం తెలుస్తుంది.

ఫాఫ్సా అంటే ఫ్రీ అప్లికేషన్ ఫర్ ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్, కాలేజీ చదువుకి ఫెడరల్ సాయం అడిగే ఫారం. పేరులో మొదటి మాటే 'ఫ్రీ'. నింపడానికి పైసా కట్టక్కర్లేదు. దీని మూలం 1965లో లిండన్ జాన్సన్ సంతకం చేసిన ఉన్నత విద్యా చట్టంలో ఉంది. 2020లో వచ్చిన సరళీకరణ చట్టంతో, వందకు పైగా ఉన్న ప్రశ్నలు 2024–25 ఫారానికి యాభైలోపుకు దిగాయి. ఆ ఫారం ఆలస్యంగా, 2023 డిసెంబరు చివర వచ్చి, లెక్కల్లో తప్పులతో పిల్లల్ని బాగా ఇబ్బంది పెట్టింది. అది మరకే. అయినా అల్లిక మాత్రం గట్టిది.

ఆదాయం గడుల దగ్గర ఆగి చూడండి. ఒకప్పుడు ట్యాక్స్ కాగితాలు ముందేసుకుని ఒక్కో అంకె ఎక్కించాల్సి వచ్చేది. ఇప్పుడు తల్లిదండ్రులు ఎవరి ఖాతాలో వాళ్ళు లాగిన్ అయి అనుమతిస్తే చాలు, వివరాలు నేరుగా ఐఆర్‌ఎస్ నుంచి వచ్చేస్తాయి. అలా వచ్చిన అంకెలు పిల్లవాడి కంటపడవు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రులు కూడా ఖాతా తెరవొచ్చు.

ఆస్తుల భాగంలోనూ అంతే పొందిక. ఉంటున్న ఇంటి విలువ అడగదు, రిటైర్మెంటు ఖాతాలో దాచినది అడగదు. హైదరాబాద్‌లో అద్దెకిచ్చిన ఫ్లాటు, ఊళ్ళో కొనిపెట్టిన ప్లాటు మాత్రం అప్పు పోగా మిగిలే విలువతో చూపించాల్సిందే.

చివర తేలే అంకె స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్. అంకె తగ్గేకొద్దీ సాయం అవసరం ఎక్కువని లెక్క. అది సున్నా దగ్గర ఆగదు, మైనస్ 1,500 దాకా దిగుతుంది. ఏమీ లేని ఇంటికీ, ఏమీ లేక పైగా కష్టంలో ఉన్న ఇంటికీ తేడా చూడగలదు. పైన ఎంత పెద్ద అంకె వచ్చినా తలుపు మూయదు. ఆదాయంతో నిమిత్తం లేని అన్‌సబ్సిడైజ్డ్ లోను మొదటి ఏడాది 5,500 డాలర్ల దాకా, రెండో ఏడాది 6,500, ఆపైన 7,500 దాకా దొరుకుతుంది. అది పిల్లవాడి పేరు మీదే వస్తుంది, హామీదారు అక్కర్లేదు. వడ్డీ మాత్రం డబ్బు చేతికొచ్చిన రోజు నుంచే నడుస్తుంది. కొన్ని కాలేజీలు తమ సొంత స్కాలర్‌షిప్పులకు కూడా ఈ ఫారమే అడుగుతాయి.

ఇంకొకటి. ఫారం చూసేది రెండేళ్ళ నాటి ఆదాయం: 2026–27కి 2024 లెక్కలు. ఈలోగా ఉద్యోగం పోతే? కాగితాలు చూపించి కాలేజీ ఎయిడ్ ఆఫీసును అడగొచ్చు. లెక్క మార్చే అధికారం చట్టం వాళ్ళకిచ్చింది. లేఆఫ్ మాట వింటేనే గుండె గుభేలుమనే మన ఇళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఫెడరల్ సాయం మళ్ళీ లెక్క కట్టించాలంటే ముందు ఫారం నింపి ఉండాలి.

అందరూ నింపాలని కాదు. హెచ్–4 వీసా మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ సాయం లేదు. రాష్ట్రం గానీ కాలేజీ గానీ ఏదైనా ఇస్తుందేమో, దానికి ఏ ఫారం కావాలో నేరుగా కనుక్కోవాలి. పౌరసత్వం ప్రశ్నకి ఉన్నదున్నట్టే జవాబివ్వాలి. సీటిచ్చేటప్పుడు సాయం అడిగారా లేదా అని చూసే కాలేజీలు కొన్ని ఉన్నాయి. అలాంటిచోట నాలుగేళ్ళూ మొత్తం ఫీజు కట్టగలిగి, లోను కూడా వద్దనుకునే కుటుంబం మానేయొచ్చు.

మిగతావాళ్ళకి, అంటే పిల్లలు సిటిజన్లో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళో అయిన ఇళ్ళకి, నా మాట ఒక్కటే. రాదని మనకి మనమే తీర్పు చెప్పుకోవద్దు. ఏటా అక్టోబరు 1 నాటికి ఫారం తెరుచుకుంటుంది. గడువు కాలేజీని బట్టి మారుతుంది కాబట్టి ముందే చూసుకోండి. ఒక సాయంత్రం పిల్లల పక్కన కూర్చుని నింపండి.