వానకో పెళ్ళి

వానకీ పెళ్ళికీ ఏదో లంకె ఉందని మనవాళ్ళు ఏనాడో అనుకున్నారు. అంగదేశంలో కరువొస్తే రోమపాదుడు ఆడదాని మొహం ఎరగని ఋశ్యశృంగుణ్ణి రప్పించాడు. ఆయన కాలు పెట్టగానే వాన కురిసింది. రాజు సంతోషించి కూతురు శాంతనిచ్చి పెళ్ళి చేశాడు. తరవాతి వాళ్ళకి ఋశ్యశృంగులు దొరక్క కాబోలు, కప్పలకి పెళ్ళి చేసి సరిపెట్టుకున్నారు. దేశంలో పెళ్ళికాని వాళ్ళందరికీ ఒక్క దెబ్బన ముడి వేయించమన్నవాడు మాత్రం, నేనెరిగినంతలో, ఒక కొరియా యువరాజు. టీవీలో లెండి.

ఆ సీరియల్ పేరు ‘హండ్రెడ్ డేస్ మై ప్రిన్స్’. 2018లో అక్కడి టీవీఎన్ ఛానెల్లో 16 భాగాలుగా వచ్చింది. కొరియా భాషలో పేరుకి ‘నూరు రోజుల పెనిమిటి’ అని అర్థం. నా మటుకు నాకు ఇదే బావుంది. మా అక్క కూతురు సెలవులకి వచ్చి, “ఒక్క భాగం చూడు మావయ్యా, నచ్చకపోతే కట్టేద్దాం” అంది. నాలుగు రాత్రుల్లో పదహారూ అయిపోయాయి.

కథేమిటంటే, చోసన్ రాజ్యంలో వానల్లేవు. యువరాజు లీ యుల్‌కి, మంత్రిగారి కూతురైన తన భార్యంటే పడదు. దంపతులు ఎడమొహం పెడమొహంగా ఉండబట్టే ఆకాశం బిగిసిందని మంత్రులు సాధిస్తారు. ఆయనకి ఒళ్ళుమండి, అలాగైతే దేశంలో పెళ్ళికాని వాళ్ళందరికీ గడువులోగా పెళ్ళిళ్ళు కానివ్వండని హుకుం జారీ చేస్తాడు. ఆ తరవాత హత్యాయత్నంలో గాయపడి, తానెవరో మరిచిపోయి, ఒక పల్లెలో తేలతాడు. సరిగ్గా అక్కడే, 28 ఏళ్ళొచ్చినా పెళ్ళాడని హోంగ్‌షిమ్ ఆ హుకుం మీరినందుకు కర్రదెబ్బలు తింటోంది. ఆమె పెంపుడు తండ్రి ఈ మతిపోయిన మనిషికి వన్‌దుక్ అని పేరు పెట్టి, వీడే మా అల్లుడంటూ తెచ్చి నిలబెడతాడు. ఎవరి ఆజ్ఞ వాళ్ళ మెడకే చుట్టుకోవడమంటే ఇదీ!

ఇక నవ్వులన్నీ ఇక్కడే. అల్లుడికి ఒక్క పనీ రాదు. గుడిసెలో నిద్ర పట్టదు, పేదతిండి సయించదు. అప్పుచేసి ఖరీదైన బట్టలు కొంటాడు; అది తీర్చడానికి నానా చాకిరీ పడుతుంది. ఎందుకూ కొరగాని మగాడని ఆమె బిరుదిస్తుంది. దో క్యుంగ్‌సూ ఇదంతా మొహంలో ఒక్క గీత కదపకుండా చేశాడు. చిరుగుల బట్టల్లోనూ సింహాసనం మీద ఉన్నట్టే మాట్లాడతాడు. హోంగ్‌షిమ్‌గా నామ్ జీహ్యున్ మాటకి మాట అప్పజెబుతూనే, ఇల్లు గడిపే ఆడదాని అలసటని కళ్ళలో దాచుకుంది.

ఆ ఆజ్ఞని వట్టి కట్టుకథ అనుకోకండి. ఇందులో రాజులు కల్పితులే గాని, పెళ్ళికాని వాళ్ళ ఉసురు తగిలి వానలు పడవన్న నమ్మకం చోసన్ దర్బారులో నిజంగానే ఉండేది. 1485లో అమల్లోకొచ్చిన వాళ్ళ ధర్మశాసనం ప్రకారం, ముప్ఫై దగ్గరపడినా పేదరికం వల్ల పెళ్ళికాని పెద్దకులాల పిల్లకి సర్కారే ఖర్చులిచ్చేది. కలిగిన ఇంట ముప్ఫై దాటినా పెళ్ళి చెయ్యకపోతే శిక్ష ఇంటి పెద్దకి. 1791లో జంగ్‌జో రాజు రాజధానిలోని పేద అవివాహితులకి దగ్గరుండి పెళ్ళిళ్ళు చేయించాడు కూడాను.

గమనించారా? చట్టంలో శిక్ష పెద్దకి, సీరియల్లో దెబ్బలు పిల్లకి. రచయిత నో జీసల్ చేసిన ఈ మార్పుని నేను తప్పు పట్టను. పెద్దల పరువు కోసం, పాలకుల నమ్మకాల కోసం వేసే దెబ్బ ఏ దేశంలోనైనా చివరికి పడేది ఆ పిల్ల మీదే గదా.

నా ఫిర్యాదల్లా రెండో సగంతోనే. యువరాజు అంతఃపురం చేరాక కుట్రలూ, కత్తులూ, పాత పగలూ మొదలవుతాయి. అవి ఏ రాజుల సీరియల్లోనైనా దొరుకుతాయి. తాను కోపంలో అన్న మాటకి దెబ్బలు తిన్న మనిషి ఎదుట కూర్చుని, ఆ మాటకి యువరాజు తీరిగ్గా జవాబు చెప్పుకునే ఘట్టం ఒకటి కావాలనిపించింది నాకు. కుట్రల హడావుడిలో కథకి ఆ తీరిక చిక్కలేదు. పల్లెలో ఉన్నన్నాళ్ళూ ఆజ్ఞ చేసినవాడే ఆజ్ఞకి లోబడ్డ వినోదం. పట్నం చేరాక అది మామూలు ప్రేమకథ.

అన్నట్టు, హోంగ్‌షిమ్ దెబ్బలు తినే చోట, “ఇదేం అన్యాయమే!” అన్నాను. మా మేనకోడలు తెర మీంచి చూపు తిప్పకుండానే, “కర్ర ఒక్కటే తక్కువ మావయ్యా, నువ్వూ ఏటా చేసేది ఇదేగా” అంది. దానికీ ఇరవై ఎనిమిదే. ఆవేళ దానికి చూపిద్దామని మూడు జాతకాలు సంచిలో పెట్టుకొచ్చాను.

ఇప్పటికీ బయటికి తియ్యలేదు. మా ఊళ్ళో వానలు బాగానే పడుతున్నాయి.